రహదారి అంచున పోవువారి మనవి

తెలుగునాట రహదారులను నిర్మించి కాపాడుచున్న ఇంజనీరు మహాశయులారా,

నేను హైదరాబాదులో తెలుగు పాఠములు చెప్పుకొని జీవించు ఉపాధ్యాయుడను. నలువదియవ యేట ఆరోగ్యము కొఱకు పట్టుకొనిన సైకిలు, పండ్రెండు శీతకాలములు గడచునప్పటికి ఆరోగ్యమునకు మించిన వస్తువై, నా వేకువలను, నా సెలవు దినములను, నా స్నేహములను సైతము తన చుట్టు త్రిప్పుకొన్నది. నేను పతకములు గెలిచినవాడను కాను. ఏటేట రెండు మూడు రేసులలో పేరిచ్చి, ఒకటి రెండు దూరయాత్రలు ముగించి, తక్కిన ఆదివారములందు ఒంటరిగానో, ఇద్దఱు మిత్రులతోనో నగరము దాటి పోయివచ్చుచుండు సామాన్య సైకిలిస్టును. వానలు వెనుదీసి, వరి పండి, తెల్లవాఱుజామున బయట నిలిపిన సైకిలు సీటు మీద మంచునీరు నిలుచుట మొదలయిన ఈ కార్తికమాసమున మీకు ఈ లేఖ వ్రాయుటకు కారణ మొక్కటే. మీరు వేసిన రోడ్డు నడుమ బాగుగానే యున్నది. దాని అంచు బాగుగా లేదు. మేము పోవునది అంచు మీదనే.

చలిదేశములవారికి శీతకాలము సైకిలును తుడిచి గోడకు చేర్చు కాలము. ఐరోపాలో పేరుపొందిన పందెములు వసంతమున మొదలై శరత్తుతో ముగియును. మంచు కురియు మాసములలో అక్కడి ఔత్సాహికులు చాలమంది ఇంటిలోనే యంత్రము మీద త్రొక్కుచు కాలము పుచ్చుదురు. మనకు ఇది పూర్తిగా తాఱుమాఱు. వైశాఖమున ఉదయము తొమ్మిది దాటినచో తారు మెత్తబడి టైరుకు అంటుకొను దేశము మనది. ఆ వెనుక ఆషాఢము మొదలు ఆశ్వయుజము వఱకు వాన. కావున నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు గల నాలుగు మాసములే మాకు ఋతువు: రేసులు అప్పుడే, దూరయాత్రలు అప్పుడే, కొత్తవాడు సైకిలు కొని, భార్య వద్దన్నను వినక, మొదటి నూఱు కిలోమీటర్లు త్రొక్కి వచ్చి వీథిలో అందఱికిని చెప్పుకొనుటయు అప్పుడే. రాత్రి పొడవుగా నుండుట, పొగమంచు దిగుట, వానలకు కోసుకొనిపోయిన రోడ్డు అంచులు ఇంకను బాగుపడకుండుట, ఈ మూడును కలిసి వచ్చు కాలము గూడ ఆ నాలుగు మాసములే యగుట మా దురదృష్టము. మొదటి రెండును ప్రకృతివి. మూడవది మీ చేతిలో నున్నది.

రేపటి దారిని నేటి రాత్రియే కుదుర్చుకొందును. దారి కుదుర్చుకొనుట యనగా పటము మీద గీత గీచుకొనుట కాదని శీతకాలము నాకు నేర్పినది. ఈ మాసములలో మన పీఠభూమి మీద గాలి తఱచు తూర్పు నుండి వీచును. వేకువన ఆకు కదలనంత నిశ్చలముగా నుండి, ఎండ ముదిరినకొలది బలము పుంజుకొనును. శరీరములో సత్తువ యుండగా ఎదురుగాలికి పోయి, అలసిన పిదప అదే గాలిని వీపునకు పెట్టుకొని ఇల్లు చేరుట వివేకమని పెద్దలైన సైకిలిస్టులు చెప్పుదురు. ఈ లెక్క ప్రకారము ఉప్పలు, ఘట్కేసరు, బీబీనగరము మీదుగా భువనగిరికి పోయి, ఏకశిల మీది కోట క్రింద ఒక చాయ్ త్రాగి మరలి రావలెను. కాని సూర్యుని లెక్క వేఱు. జనవరి నడుమ హైదరాబాదులో పావుతక్కువ ఏడు గంటలు దాటిన గాని సూర్యుడు పొడవడు. పొడిచిన పిమ్మట చాలసేపు తూర్పునకు పోవువాని కన్నులలో నేరుగా పడును. నా కన్నులలో పడుటను గూర్చి నాకు భయము లేదు. నా వెనుక వచ్చు లారీ డ్రైవరు కన్నులలో పడుటయే నా భయము. అద్దము మీద దుమ్ము, ఆ దుమ్ము మీద మంచు తేమ, ఆ తేమ మీద అడ్డముగా కొట్టు ఎండ, ఇవి కలిసినప్పుడు ముందున్న మనిషి వానికి కానరాడు. అది వాని తప్పు గూడ కాదు. కనుక గాలి తూర్పునకు పొమ్మనగా, సూర్యుడు పడమటికి పొమ్మనును. నేను సూర్యుని మాటయే వినుచున్నాను. లంగరుహౌసు, మొయినాబాదు, చేవెళ్ళ, మన్నెగూడ దాటి వికారాబాదు అనంతగిరికి, అనగా మూసీనది పుట్టిన కొండలకు, సూర్యుని వీపు మీద వేసుకొని పోవుదును. తిరుగు దారిలో తూర్పుగాలి ముఖమున కొట్టినను, అప్పటికి ప్రొద్దు నడినెత్తికి చేరుచుండుటచేత, వెనుక వచ్చువానికి నేను స్పష్టముగా కనబడుదును. ఎదురుగాలి కాళ్ళను మాత్రమే నొప్పించును.

ఆ దారి మీది మఱ్ఱిచెట్లను గూర్చి, రోడ్డు విస్తరణను గూర్చి నడచిన వాదము నేనెఱుగుదును. ఈ లేఖలో దాని జోలికి పోను. చేవెళ్ళ ప్రాంతమున బంతిపూల మడులు, ఆపైన పూతకు వచ్చిన కందిచేలు, మంచులో తడిసిన చామంతుల వాసన, వీనిని గూర్చియు వ్రాయవలెనని యున్నది గాని, మీ సమయము విలువైనది.

దారి కుదిరిన తరువాత నేను విప్పి చూచునది ఒక చిన్న నోటుపుస్తకము. దానిలో రోడ్ల పేర్లు, వాని క్రింద వరుసగా ఇట్టి వ్రాతలు ఉండును: “బడి దాటిన పిదప రెండవ కల్వర్టు, ఎడమ, నాలుగు వ్రేళ్ళు.” “చెఱువు కట్ట మలుపు, ఎడమ, జానెడు, గజము పొడవు.” “పెట్రోలు బంకు ఎదుట, రంగులేని స్పీడుబ్రేకరు.” వ్రేళ్ళతోను జానలతోను నేను కొలిచినది తారు మట్టమునకు, ప్రక్కనున్న మొరము మట్టమునకు గల తేడాను. పండ్రెండు ఏండ్లలో ఈ పుస్తకములు మూడు నిండినవి. ఈ విద్య నేను ఏరి కోరి నేర్చుకొన్నది కాదు.

నాలుగేండ్ల క్రిందట, డిసెంబరులో, పేరు చెప్పుట అనవసరమైన ఒక రోడ్డు మీద ఇంకను చీకటి విడువని వేళ పోవుచుంటిని. వెనుక లారీ హారను మ్రోగినది. దారి ఇచ్చుట ధర్మము గనుక ఎడమకు జరిగితిని. ముందుచక్రము తారు అంచు దాటి నాలుగు వ్రేళ్ళు క్రిందికి దిగినది. దిగుట ప్రమాదము కాదు. మరల ఎక్కబోవుటయే ప్రమాదము. నా టైరు వెడల్పు 28 మిల్లీమీటర్లు. అది నేలను తాకు చోటు బొటనవ్రేలి ముద్ర కంటె కొంచెమే పెద్దది. అట్టి టైరు నిలువుగా తెగిన తారు అంచునకు దాదాపు సమాంతరముగా నడచుచు పైకి ఎక్కబోయినప్పుడు, అది ఎక్కదు. ప్రక్క చెంప అంచునకు ఒరసికొని, గోడ మీద తాపీ గీచిన చప్పుడు చేసి, అక్కడనే చిక్కుకొనును. చక్రము ఆగును, మనిషి ఆగడు. పడుట పొలము వైపునకు గాదు, రోడ్డు వైపునకు. అనగా వెనుక వచ్చు బండి క్రిందికి. ఆ లారీ నడుపు మనిషి ముందుగానే వేగము తగ్గించి యుండుటచేత నేను నేడు ఈ లేఖ వ్రాయుచున్నాను. ఆయనయు, క్లీనరు కుఱ్ఱవాడును నన్ను లేపి, కల్వర్టు గోడ మీద కూర్చుండబెట్టి, సీసాలోని నీళ్ళు త్రాగించిరి. కుడి కాలరు ఎముక విఱిగినదని అప్పటికి నాకు తెలియదు. ఆయన రోడ్డు అంచు వైపు చాలసేపు చూచి, “మీ తప్పు గాదు సారూ, నా తప్పు గాదు, రోడ్డే గట్లుంది” అనెను. నేను విన్న తీర్పులలో ఇంత న్యాయమైనది మఱొకటి లేదు.

అంచు అట్లగుటకు కారణము మీకు నేను చెప్పనక్కఱలేదు. అయినను ఈ లేఖ చదువు తక్కినవారి కొఱకు చెప్పుచున్నాను. పాత రోడ్డు మీద కొత్త పొర వేసిన ప్రతిసారి తారు మట్టము మూడు నాలుగు సెంటీమీటర్లు లేచును. ప్రక్కనున్న మొరము దానితో కూడ లేవదు, ఎవరైనను తెచ్చి పోసి అదిమిన గాని. పొర వేసిన వెంటనే పని పూర్తియైనట్లు లెక్క వ్రాసికొని యంత్రములు మఱొక రోడ్డునకు పోయినచో, ఆ యేటి వాన తారు మీదినుండి జాఱి వచ్చి, అంచు క్రిందుగా మొరమును కోసి, కాలువ చేసికొనును. దీనికి మందు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. అమెరికా రోడ్లలో కొన్నింట తారు పఱచు పేవరు యంత్రమునకు చిన్న పరికరమొకటి తగిలించి, అంచును నిలువుగా తెగనీయక 30 డిగ్రీల వాలుగా అదుముచున్నారు. ఆ వాలు మీద మొరము కొట్టుకొనిపోయినను చక్రము దిగి, మరల ఎక్కగలదు. అది సైకిళ్ళ కొఱకు పుట్టినది గాక, కార్లు అంచు దిగి అదుపు తప్పకుండుటకై పుట్టినది. అనగా మా మేలును, కారువారి మేలును ఇక్కడ వేఱు కావు.

ఇంకొక మాట. అంచున పోవువారు అనగా హెల్మెట్లు, రంగు చొక్కాలు ధరించిన మా వంటివారే యని తలపవలదు. మేము పొద్దెక్కునప్పటికి ఇల్లు చేరి ఇడ్లీలు తినువారము. తెల్లవాఱుజామున నాలుగున్నరకు నేను బయలుదేఱునప్పుడు నాకు ఎదురగు మొదటి సైకిలు పేపరు వేయు పిల్లవానిది. రెండవది, క్యారియరుకు ఇరువైపుల క్యానులు కట్టుకొని వచ్చు పాలవానిది. ఊరు దాటిన పిమ్మట తలకు మంకీక్యాపు, దాని మీద తువ్వాలు చుట్టుకొని కోళ్ళఫారములకు, ఇటుకబట్టీలకు పోవు కూలీలవి. ఎనిమిది దాటినచో నీలి పావడాలు, తెల్ల చొక్కాలు తొడిగిన ఆడపిల్లలు, ఒక సైకిలు మీద ఇద్దఱేసి, పెద్ద ఊరి హైస్కూలుకు పోవుచుందురు. వారికి వేఱు దారి లేదు. పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిలు మీద పోయిన కథను మనము గర్వముతో చెప్పుకొందుము. ఆ గర్వమునకు ఋణము తీర్చుకొనుట యనగా ఈ పిల్లల క్రింది అంచును బాగుచేయుటయే.

పొగమంచును గూర్చి చెప్పెదను. ధనుర్మాసమున చెఱువుల ప్రక్కను, మాగాణి పొలముల నడుమను అది పాలు పొంగినట్లు రోడ్డు మీదికి వచ్చి నిలుచును. దీపము వెలిగించినచో వెలుగు ఎదుట తెల్లగోడయై నిలువబడును. దీపము ఆర్పినచో ఏమియు లేదు. అట్టి వేళ నాకు దారి చూపునది దీపము గాదు, ముందుచక్రమునకు రెండు బారల దూరమున కనబడు తెల్లని అంచు గీత. దానిలో మీరు కలిపించిన గాజు పూసలు చిన్న దీపమునకు సైతము మినుకుమని మెఱసి, “ఇటు రమ్ము” అన్నట్లు పిలుచును. ఆ గీత అరిగిపోయిన చోట నేను దిగి సైకిలును నడిపించుకొని పోవుదును. గీత యున్న రోడ్డునకు, లేని రోడ్డునకు గల భేదము పగటివేళ కారులో పోవువానికి తెలియదు. భోగినాటి తెల్లవాఱుజామున మంటల పొగయు మంచును కలిసి దిగినప్పుడు, కళ్ళు మండుచుండగా, ఆ ఒక్క గీతను పట్టుకొని నేను ఊరి పొలిమేర దాటి ఇల్లు చేరియున్నాను. దానిని గీచినవారికి ఆనాడు మనసులోనే నమస్కరించితిని.

కోతలు కాగానే మఱొక చిక్కు వచ్చును. రైతులు వడ్లను తెచ్చి రోడ్డు మీద ఆరబోయుదురు. బండ్లు ఎక్కకుండుటకై చుట్టును బండరాళ్ళు పేర్చుదురు. రాత్రి వడ్లను కుప్పజేసి నల్లపట్టా కప్పుదురు. నల్లని రోడ్డు, నల్లని పట్టా, నల్లని రాళ్ళు, నల్లని రాత్రి. వడ్లు ఎత్తిన తరువాత గూడ రాళ్ళు చాలచోట్ల అక్కడనే మిగులును. రైతు మీద నాకు కోపము లేదు. తేమ శాతము దిగిన గాని వాని ధాన్యము కొనరు, ఆరబోయుటకు వానికి వేఱు చోటు లేదు. పంచాయతీవారితో మాట్లాడి ఊరికొక సిమెంటు కల్లము వేయించుట మీ శాఖ పని కాదని మీరనవచ్చును. నిజమే, కాని రోడ్డు మీది రాయి ఎవరి పని? జహీరాబాదు వైపు చెఱకు ట్రాక్టర్లు పోవు మాసములలో వెనుక ట్రాలీకి దీపము లేక, జనులు రేడియం స్టిక్కరని పిలుచు ఎఱ్ఱపట్టీ యైనను లేక, చీకటిలో కొండవలె నిలిచియుండును. ఆ పట్టీ ఎంతో ఖరీదైన వస్తువు కాదు. పోలీసువారు, మీరు, చక్కెర మిల్లులవారు కలిసి గేటు దగ్గఱ అంటించినచో ఒక వారములో ముగియు పని.

ఇక రేసుల సంగతి. పెద్ద సంగతి కాదు; ఒకరి వెనుక నొకరు నిమిషము ఎడముతో బయలుదేఱి, 40 కిలోమీటర్లు పోయివచ్చి, గడియారముతో పోటీపడు పందెములివి. చలిగాలి చిక్కన, 35 డిగ్రీల గాలి కంటె 15 డిగ్రీల గాలి నూటికి ఏడు పాళ్ళు బరువైనది గనుక, అదే శ్రమకు జనవరిలో వేగము కొంత తగ్గును. దానికి మేమేమియు అనుకొనము. పందెమునకు రెండు దినములు ముందుగా మేము నలుగురైదుగురము ఆ దారి అంతయు మెల్లగా పోయి, గుంటల చుట్టును ముగ్గుపిండితో వలయములు గీయుదుము. చీకటిలో ముప్పది నలుబది కిలోమీటర్ల వేగముతో వచ్చువానికి ఆ తెల్లని వలయమే హెచ్చరిక. ఒకసారి అట్లు గీచుచుండగా, ప్రక్క యింటి వాకిట కళ్ళాపి చల్లుచున్న ఒక అవ్వ వచ్చి, “రోడ్డుకు ముగ్గేస్తున్నరా బిడ్డా, పండుగ ఇంకా రాలే” అన్నది. విషయము చెప్పగా లోనికి పోయి, తన డబ్బాలోని ముగ్గుపిండి మాకు తెచ్చి యిచ్చి, తన మనుమడు పడిన గుంట యెక్కడనో తానే చూపినది. ఆ గుంట మా జాబితాలో లేదు.

పందెముల కంటె నాకు ప్రియమైనవి దూరయాత్రలు. వీనిని ‘బ్రెవె’లందురు. పారిస్ నగరమందలి ఒక ప్రాచీన సంఘము విధించిన నియమముల ప్రకారము ప్రపంచమంతట ఇవి జరుగును: 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరువది, 400కు ఇరువదియేడు, 600కు నలుబది. మొదట వచ్చినవానికిని, కడపట వచ్చినవానికిని గౌరవ మొక్కటే. గడువులో వచ్చుటయే విజయము. ఈ సంప్రదాయమునకు మూలము ఇటలీలో, 1897లో, పన్నెండుగురు సైకిలిస్టులు సూర్యోదయాస్తమయముల నడుమ రోమునుండి నేపుల్సునకు 230 కిలోమీటర్లు పోవ సాహసించుట. వారు పోయినది జూనులో, పగలు దీర్ఘమైన కాలమున. మన శీతకాలపు పగలు పదునొకండు గంటలకు కొంచెమే ఎక్కువ. పదమూడున్నర గంటల గడువు గలవాడు ఎటు చూచినను రెండు గంటలకు పైగా చీకటిలో పోక తప్పదు. ఆ చీకటి ప్రయాణము, అలసట ముదిరి, చేతులు తిమ్మిరెక్కి, మనసు ఇంటిని తలచుకొను కడపటి గంటలలోనే వచ్చును. నా మొదటి 200 కిలోమీటర్ల యాత్రలో చివరి ముప్పది కిలోమీటర్లు నేను చూచినది ఆకాశమును గాదు, చెట్లను గాదు; అంచును. కాళ్ళ నొప్పి మఱునాటికి పోయినది. కన్నుల అలసట మూడు దినములుండినది.

మీకును మాకును గల సంబంధము నేటిది కాదు. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు గాలి టైరుకు పేటెంటు పొందిన నాటికి మోటారు బండి ఇంకను పసిబిడ్డ. చదునైన రోడ్డు కావలెనని గొంతెత్తి అడిగిన మొదటివారిలో సైకిలిస్టులు ముఖ్యులు: ఇంగ్లండులో 1886లో రోడ్ల అభివృద్ధి సంఘమును స్థాపించినవారు వారే, అమెరికాలో మంచి రోడ్ల ఉద్యమమును లేవదీసినవారును వారే. మన దేశమున 1927లో జయకర్ సంఘము నియమింపబడి, దాని సిఫారసుల మీద 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏర్పడినది. ఆ సంస్థ 1962 నాటికే సైకిలు మార్గములను గూర్చి ప్రత్యేక గ్రంథము వెలువరించినది. గంటకు రెండువందలకు మించి మోటారు బండ్లు పోవు దారిలో గంటకు నూఱు సైకిళ్ళే యున్నను వేఱు మార్గము సమంజసమని, దాని వెడల్పు రెండు మీటర్లకు తగ్గరాదని మీ పూర్వులు ఆనాడే వ్రాసియుంచిరి. స్పీడుబ్రేకరు సైతము ఎట్లుండవలెనో, 17 మీటర్ల వ్యాసార్ధముతో, 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో మెల్లగా లేచి మెల్లగా దిగవలెనని, ముందుగా బోర్డును, మీద రంగును ఉండవలెనని మీ గ్రంథములే చెప్పుచున్నవి. నేడు ఊరూర కనబడు ఇటుక గోడ వంటి గుట్టలు ఏ గ్రంథమును బట్టి వేసినవి? మేము కొత్త శాస్త్రమును కోరుట లేదు. మీ శాస్త్రమునే మీరు పాటింపుడని వేడుచున్నాము. హైదరాబాదులో ఔటర్ రింగురోడ్డు ప్రక్కన 2023లో సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు మార్గము ప్రారంభమైనది; మంచి పని, నేనును దాని మీద పోయి ఆనందించితిని. కాని పాలవాడు అక్కడికి రాడు. వాని రోడ్డు వాని ఊరిదే.

మీ పనిలో మేలైనదానిని గూర్చి చెప్పకున్నచో ఈ లేఖ అసంపూర్ణము. అనంతగిరి మన తెలుగునాట ఒకచోటనే లేదు: ఒకటి మూసీ పుట్టినిల్లు, మఱొకటి విశాఖ మన్యములో అరకు దారి మీద. గత డిసెంబరులో విశాఖపట్నము నుండి కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా ఆ ఘాటు ఎక్కితిని. కోట దాటిన పిదప రోడ్డు మెలికలు తిరుగుచు అడవిలోనికి లేచును. కాఫీ తోటల నీడ, దూరమున కొండ సొరంగములలో దూరి వచ్చు కిరండూలు రైలు చప్పుడు, చెమటతో తడిసిన చొక్కా మీద కొండ చలి. ఎక్కుట శ్రమ, దిగుట భయము. దిగునప్పుడు చలికి వ్రేళ్ళు బిగిసి బ్రేకును పట్టుచున్నవో లేదో తెలియదు. గాలికొండ వద్ద ఒక చాయ్ దుకాణములో పాత తెలుగు పేపరు అడిగి తీసికొని, మడిచి చొక్కా క్రింద ఱొమ్మున దోపుకొంటిని. కాగితము గాలిని ఆపును. పాతకాలపు సైకిలిస్టులందఱు ఎఱిగిన ఉపాయమిది. సగము దిగునప్పటికి మేఘము వంటి మంచు దారిని కప్పినది. ఆ మంచులో ఒక్కొక్క మలుపు వద్దను నలుపు తెలుపు పట్టెలు వేసిన పిట్టగోడ ముందుగా కనబడి, లోయ ఎటో రోడ్డు ఎటో చెప్పినది. అప్పటికి కొద్దిదినముల క్రిందటనే వాని మీద రంగు వేసినట్లున్నది. వేసిన కూలీ ఎవరో, వేయించిన ఇంజనీరు ఎవరో నాకు తెలియదు. ఒక డబ్బా రంగు ఎంత పని చేయునో ఆ దినమున తెలిసినది.

కాబట్టి మీరు కొత్త పొర వేయించునప్పుడు, అంచు వాలుగా అదిమి, మొరము పోయించి, రోలరు త్రిప్పించిన తరువాతనే ఆ పని ముగిసినట్లు సంతకము చేయుడు. వానలు వెనుదీసిన వెంటనే, కార్తికము వెళ్ళకముందే, అంచుల కొఱకు ఒకసారి ప్రత్యేకముగా తనిఖీ పెట్టుడు. కారులో గాదు, కారులోనుండి అంచు కనబడదు. గీతలు అరిగినచోట గీయింపుడు. ఊళ్ళలో మురుగుకాలువల మీది ఇనుప జాలీల కడ్డీలు రోడ్డు వెంబడి పోవునట్లున్నచో, వానిని అడ్డముగా త్రిప్పి బిగింపుడు. వెంబడి యున్న సందులో సైకిలు చక్రము కత్తి ఒఱలో దిగినట్లు దిగును.

డిసెంబరులో ఏ ఆదివారమైనను సరే, తెల్లవాఱుజామున ఐదు గంటలకు మీలో ఒకరు నాతో ఇరువది కిలోమీటర్లు రండు. సైకిలు, దీపము, హెల్మెట్టు నేను తెత్తును, మెల్లగానే పోవుదము. నా పుస్తకములో ఇప్పుడు తొంబదిమూడు చోట్లు వ్రాసియున్నవి. బడిపిల్లలు పోవు దారిలోని పదునాఱింటిని ఎఱ్ఱసిరాతో గుర్తించి యుంచితిని. మొదట పూడ్చవలసినవి అవి.